పాటకీ పాటకీ మధ్య రీసెట్: డాబా గార్డెన్స్ మేడ మీద మాస్టారి సర్వీసు

మిడి ఫైళ్ళతో (పాటకి వాయిద్యాల నేపథ్యాన్ని పరికరం చేత వాయించే కంప్యూటర్ ఫైళ్ళతో) ప్రోగ్రాములు నడిపేవాళ్ళం విశాఖలో చాలామందిమే ఉన్నాం. గుళ్ళో భజనలకి, స్కూలు వార్షికోత్సవాలకి, చవితి పందిట్లో పాటల పోటీలకి అవే ఆధారం. వాళ్ళకి పనికొస్తుందనే ఇది రాస్తున్నాను. డాబా గార్డెన్స్ వైపు ఒక మేడ మీద గదిలో కీబోర్డులు, సౌండ్ మాడ్యూళ్ళు (మీటలు లేకుండా, మిడి ఆదేశాలకి వాయిద్యాల శబ్దాలిచ్చే పెట్టెలు) బాగుచేసే మాస్టారు ఒకరున్నారు. బయట బోర్డు లేదు. పేరు రాయొద్దని ఆయనే అన్నారు కాబట్టి రాయడం లేదు. ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్ళని అడిగితే దారి చెబుతారు. సోల్డరింగ్, మీటల కింద రబ్బర్లు మార్చడం లాంటి పనులు ఊళ్ళో ఇంకా చాలామంది చేస్తారు. ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యే ఆ కాస్త వ్యవధిలో పరికరాన్ని పద్ధతిగా రీసెట్ చేసే, అంటే మొదటి స్థితికి తెచ్చే, ఏర్పాటు చేసిచ్చేది మాత్రం, నాకు తెలిసినంతలో, ఈయనొక్కరే.

నేను ఎంవీపీ కాలనీలో లలిత సంగీతం, పాత సినిమా పాటలు నేర్పుతాను. పౌర గ్రంథాలయంలోనో కళాభారతిలోనో పిల్లల చేత పాడించాలంటే వయొలిన్, ఫ్లూటు, తబలా అంటూ అందరినీ పిలిపించుకునే స్తోమత మాకు లేదు. పోనీ ఎంపీ3 ట్రాక్ పెడదామంటే, పాప గొంతుకి తగ్గట్టు శ్రుతి బాగా దించినా, నడక నెమ్మది చేసినా ట్రాక్ నాణ్యత దెబ్బతింటుంది. మిడి ఫైలులో శబ్దం ఉండదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా, ఏ వాయిద్యంతో అనే ఆదేశాలే ఉంటాయి. అందుకని శ్రుతి మార్చినా, నడక మార్చినా టోన్ చెక్కుచెదరదు. ఫ్లూటు నేర్చుకుంటున్న అబ్బాయి ఉంటే ఆ ఛానెల్ (ఒక్కో వాయిద్యానికీ కేటాయించిన దారి) ఒక్కటీ ఆపేసి వాడి చేతే వాయించవచ్చు. నేను మిడిని వదలకపోవడానికి కారణం ఇదే. నా దగ్గర యమహా అరేంజర్ కీబోర్డు ఒకటి, ఒక ల్యాప్‌టాప్, దానికి తగిలించిన రోలాండ్ ఎస్‌సీ-88 ప్రో మాడ్యూల్ ఉన్నాయి. ఆ మాడ్యూల్ 1996 నాటి మోడల్. పాతదే, కానీ అందులోని తీగ వాయిద్యాలంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

నా ఇబ్బంది ఏమిటంటే, మొదటి పాట ఎప్పుడూ బాగానే వచ్చేది. గొడవంతా తర్వాతి పాటలతోనే. నాదస్వరం ఒక్క స్వరం జారాల్సిన చోట అంతెత్తుకి ఎగిరిపోయేది. ఒక పాటలో ఫ్లూటు అసలు వినిపించేది కాదు. ఇంకో పాటలో ఫ్లూటు రావాల్సిన చోట డ్రమ్ముల చప్పుడు వచ్చేది. రిహార్సల్లో మధ్యలో ఆపేసిన పాట తాలూకు స్ట్రింగ్స్ తర్వాతి పాట అడుగున సన్నగా మోగుతూనే ఉండేవి. అన్నిటికంటే నాకు భయం శ్రుతి విషయంలో. ఇంట్లో సాధన చేసిన శ్రుతిలో పిల్ల పల్లవి ఎత్తుకుంటుంది, ట్రాక్ ఇంకెక్కడో ఉంటుంది. ముందు వరసలో అమ్మానాన్నలు కూర్చుని ఉంటారు. స్టేజి మీద నిలబడిన ఆ పసిదానికి ఎంత టెన్షనో ఆలోచించండి. చిత్రమేమిటంటే, అదే ఫైలు కీబోర్డు ఆన్ చేయగానే మొదటగా పెడితే ఏ తప్పూ ఉండదు.

ఊళ్ళో ఒక సర్వీసు షాపులో చూపిస్తే మాడ్యూల్ బోర్డు పోయిందన్నారు, పార్టు దొరకడం కష్టమన్నారు. ఒక్క పాట కూడా పెట్టి వినలేదు. పాటకీ పాటకీ మధ్య ఆపి ఆన్ చేయమని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో అది నడుస్తుంది. నిండు సభలో మాడ్యూల్ ఆపితే స్పీకర్లలో ధబ్బుమని చప్పుడు, అది మళ్ళీ లేచేదాకా ప్రేక్షకుల ముందు మౌనం. పాడేవాళ్ళ ధైర్యం అక్కడే సగం పోతుంది.

మాస్టారు మొదట అడిగిన మాట నాకు ఇంకా గుర్తుంది. "అమ్మా, ఏ పాట తర్వాత ఏ పాట పెడితే ఇలా అవుతోంది? ఆ వరసలోనే పెట్టండి." మూత విప్పలేదు, స్క్రూడ్రైవర్ తీయలేదు. రెండు పాటలూ వరసగా విన్నారు. తర్వాత మొదటి పాటని కంప్యూటర్లో తెరిచి, అందులోని ఆదేశాల జాబితాని మొదటి నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళారు. వయొలిన్ ట్రాక్ మొదట్లోనే ఆగారు. కంట్రోలర్ (వాల్యూమ్, పెడల్ లాంటివాటిని మార్చే, నంబరున్న ఆదేశం) 101కి 0, 100కి 0, ఆ వెంటనే 6కి 12. ఆ మూడూ కలిస్తే "ఈ ఛానెల్లో బెండ్ పరిధి 12 అర్ధస్వరాలు" అని అర్థమట. బెండ్ పరిధి అంటే స్వరం ఎంత దూరం జారవచ్చో చెప్పే హద్దు. మామూలుగా ఉండేది 2. ఆ ట్రాక్ చేసినాయన పెద్ద జారుడు కోసం 12 పెట్టుకున్నారు. అది తప్పేమీ కాదు. కానీ పాట చివర మళ్ళీ 2కి దించలేదు. రెండో పాటలో అదే ఛానెల్లో నాదస్వరం ఉంది. ఆ ఫైలు చేసినవాళ్ళు ఎలాగూ 2 ఉంటుంది కదా అని పరిధి రాయలేదు. ఇంకేముంది, ప్రతి గమకం ఆరు రెట్లు జారింది. "అద్దె ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు ఫ్యాన్లన్నీ వేసి వెళ్ళిపోయారమ్మా, బిల్లు కొత్తగా దిగినవాళ్ళ నెత్తిన పడింది" అన్నారు మాస్టారు.

మిగతావన్నీ ఇలాంటివే. పాట చివర ఫేడ్ అవుట్ కోసం వాల్యూమ్‌ని సున్నాకి దించిన ఛానెల్, తర్వాతి పాట మళ్ళీ పెంచకపోతే అక్కడే ఉండిపోతుంది. ఫ్లూటు కనిపించకుండా పోయింది అందుకే. డ్రమ్ములకి మామూలుగా 10వ ఛానెల్. రోలాండ్ పద్ధతిలో ఇంకో ఛానెల్‌ని కూడా డ్రమ్ములకి మార్చుకోవచ్చు. ఒక ఫైలు 11వ ఛానెల్‌ని అలా మార్చి వదిలేస్తే, తర్వాతి పాటలో 11లో ఫ్లూటు రాసి ఉన్నా మోగేది డ్రమ్ములే. శ్రుతి గోల కూడా అంతే. ఎవరి గొంతు కోసమో ఫైలులోనే కోర్స్ ట్యూనింగ్ (శ్రుతిని అర్ధస్వరాల లెక్కన జరిపే అమరిక) మార్చి ఉంది, అది తర్వాతి పాటకి కూడా అంటుకుంది. మాడ్యూల్‌ది ఏ తప్పూ లేదు. చెప్పిన మాట చెప్పినట్టు గుర్తుపెట్టుకోవడమే దాని పని.

"ప్యానిక్ బటన్ నొక్కుతున్నానండీ, సరిపోదా?" అని, మోగుతూ ఉండిపోయిన స్వరాల్ని ఆపే బటన్ గురించి అడిగాను. చాలామంది అనుకునేదే కాబట్టి ఆయన చెప్పింది వివరంగా రాస్తాను. స్వరాలన్నీ ఆపమనే ఆదేశం కంట్రోలర్ 123. సస్టెయిన్ పెడల్, అంటే కంట్రోలర్ 64, నొక్కి ఉన్న స్థితిలో పాట ఆగిపోతే 123 పంపినా ఆ స్వరాలు పెడల్ వదిలేదాకా మోగుతూనే ఉంటాయి. ముందు 64కి సున్నా పంపాలి, లేదా నేరుగా శబ్దాన్నే కోసేసే 120 పంపాలి. ఇక 121, కంట్రోలర్లన్నీ రీసెట్ చేసే ఆదేశం. పేరు చూసి అన్నీ సర్దేస్తుందనుకుంటాం. అది మాడ్యులేషన్‌ని సున్నా చేస్తుంది, బెండ్ చక్రాన్ని మధ్యకి తెస్తుంది, పెడల్ వదిలిస్తుంది, ఎక్స్‌ప్రెషన్‌ని (పాట మధ్యలో శబ్దాన్ని పెంచి తగ్గించే అమరికని) గరిష్ఠమైన 127కి తెస్తుంది. మిడి ప్రమాణం సిఫార్సు చేసిన పద్ధతిలో వాల్యూమ్, ప్యాన్, ఎంచుకున్న టోన్ (వాయిద్యం), రివర్బ్ (ప్రతిధ్వని) మోతాదు మాత్రం దానికి అందవు. బెండ్ పరిధి, ట్యూనింగ్ కూడా అలాగే ఉండిపోతాయి. పైగా ఇవన్నీ ఛానెల్ ఆదేశాలు. 16 ఛానెళ్ళకీ విడివిడిగా పంపుకోవాలి. నన్ను ఏడిపించినవాటిలో మోగుతూ ఉండిపోయే స్ట్రింగ్స్ ఒక్కటే వీటితో తగ్గేది.

అసలు మందు సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ రీసెట్. పరికరం మొత్తాన్నీ ఒక్కసారిగా మొదటి స్థితికి తెచ్చే ప్రత్యేక ఆదేశమది. ఇందులో మూడు రకాలు మనకి తరచూ తగులుతాయి. 1991లో వచ్చిన జనరల్ మిడి ప్రమాణానిది ఆరు బైట్లు: ఎఫ్0 7ఇ 7ఎఫ్ 09 01 ఎఫ్7. రోలాండ్ సొంత పద్ధతి జీఎస్ రీసెట్ పదకొండు బైట్లు: ఎఫ్0 41 10 42 12 40 00 7ఎఫ్ 00 41 ఎఫ్7. యమహా సొంత పద్ధతి ఎక్స్‌జీది తొమ్మిది: ఎఫ్0 43 10 4సీ 00 00 7ఇ 00 ఎఫ్7. చూడ్డానికి మంత్రాల్లా ఉన్నాయి కదా, మాస్టారు జీఎస్‌ది ఒక్కో బైటూ విప్పి చెప్పారు. 41 రోలాండ్ గుర్తు. 10 అంటే డివైస్ నంబరు, మాడ్యూల్ తెర మీద అది 17 అని కనబడుతుంది. ఎవరైనా ఆ 17ని మార్చేస్తే ఈ రీసెట్ తనది కాదని మాడ్యూల్ పట్టించుకోదు. 42 మోడల్ వర్గం, 12 అంటే రాయమనే ఆదేశం. 40 00 7ఎఫ్ చిరునామా, తర్వాతి 00 అక్కడ రాయాల్సిన విలువ. చివరి 41 మళ్ళీ రోలాండ్ గుర్తు అనుకున్నాను. కాదు, అది సరిచూసుకునే లెక్క. చిరునామా, విలువ మామూలు అంకెల్లో 64, 0, 127, 0. కూడితే 191. అందులోంచి 128 తీస్తే 63. మళ్ళీ 128లోంచి 63 తీస్తే 65. దాన్ని ఈ బైట్లు రాసే పదహారు అంకెల లెక్కలో (హెక్సాడెసిమల్) రాస్తే 41. ఒక్క బైటు తేడా వచ్చినా ఈ లెక్క కుదరదు, మాడ్యూల్ ఆదేశాన్ని అవతల పారేస్తుంది. పాత కాగితం వెనక పెన్సిల్‌తో వేసి చూపించారు. ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను.

రీసెట్ పంపడం ఒక ఎత్తు, పంపాక ఆగడం ఇంకో ఎత్తు. నన్ను అడిగితే ఆయన పనితనమంతా ఈ రెండోదాంట్లో ఉంది. పాత ఐదు పిన్నుల మిడి కేబుల్లో సెకనుకి 31,250 బిట్లు వెళ్తాయి. బైటుకి పది బిట్లు కాబట్టి సెకనుకి 3,125 బైట్లు. పదకొండు బైట్ల రీసెట్ మూడున్నర మిల్లీసెకన్లలో చేరిపోతుంది. చేరడమైతే చేరుతుంది గానీ, లోపల అన్నీ సర్దుకోవడానికి పరికరానికి దాదాపు 50 మిల్లీసెకన్లు పడుతుంది. రోలాండ్, యమహా మాన్యువళ్ళలో కూడా ఆ మాట ఉంటుంది. ఆలోపు టోన్ మార్చమనే ఆదేశాలు వస్తే అవి గాలికి పోతాయి. రీసెట్ తర్వాత డ్రమ్ముల ఛానెల్ తప్ప మిగతావన్నీ పియానో మీద ఉంటాయి కాబట్టి, ఆదేశం తప్పిపోయిన ఛానెల్ పియానోగానే మిగిలిపోతుంది. నా పాటల్లో ఒకదాంట్లో వీణ బదులు పియానో వచ్చేది. ఆ ఫైలులో రీసెట్ ఉంది, దాని వెంటనే అదే క్షణాన టోన్ మార్పు కూడా రాసి ఉంది! మాస్టారు రీసెట్‌ని మొదటి బార్ (తాళంలో ఒక ఆవర్తం లాంటిది) మొట్టమొదట పెట్టి, టోన్లూ వాల్యూములూ అదే బార్‌లో కొంచెం దూరంగా జరిపి, స్వరాలు రెండో బార్ నుంచి మొదలయ్యేలా మార్చారు. నిమిషానికి 120 బీట్ల నడకలో నాలుగు బీట్ల బార్ అంటే రెండు సెకన్లు. 50 మిల్లీసెకన్లకి అది ధారాళంగా చాలు. పాడేవాళ్ళకి ఊపిరి తీసుకునే సమయం కూడా దొరుకుతుంది.

రీసెట్ల వరసలో కూడా ఒక చిక్కుంది. నా ఫైళ్ళు కొన్నింటిలో ముందు జీఎస్, తర్వాత జనరల్ మిడి రీసెట్ ఉన్నాయి. రెండు పెడితే రెట్టింపు భద్రత అనుకుని ఎవరో పెట్టి ఉంటారు. జనరల్ మిడి రీసెట్ రాగానే ఈ మాడ్యూల్ బ్యాంకు మార్పుల్ని (ఒకే టోన్ నంబరులో వేరే రకాన్ని ఎంచుకునే ఆదేశాల్ని) తీసుకోవడం మానేస్తుంది. దాంతో ఎంతో ఏరి పెట్టుకున్న ప్రత్యేకమైన టోన్లు పోయి మామూలువి వస్తాయి. ఫైలు ఏ పద్ధతిలో తయారైందో చూసి, దానికి తగిన రీసెట్ ఒక్కటే ఉంచి మిగతాది తీసేశారు. మాడ్యూల్లో వాయించే వాటికి జీఎస్, కీబోర్డులో వాయించే వాటికి ఎక్స్‌జీ.

ఇంత చేసినా ల్యాప్‌టాప్ నుంచి పెడితే ఒక్కోసారి పాత రోగమే. అప్పుడు మాస్టారు చేసిన పరీక్ష మీరు ఇంట్లో కూడా చేసుకోవచ్చు. మాడ్యూల్ ముందున్న బటన్లతో ఒక పార్టు లెవెల్‌ని 37కి దించారు. రీసెట్ ఫైలు ప్లే చేశారు. అందితే లెవెల్ 100కి రావాలి. తెర మీద 37 అలాగే ఉండిపోయింది. నా యూఎస్‌బీ మిడి కేబుల్ తీసి తనది పెట్టి మళ్ళీ ప్లే చేశారు. అంకె చటుక్కున 100 అయింది. చవక కేబుళ్ళు కొన్ని స్వరాల్ని చక్కగా మోస్తాయి గానీ, పొడవాటి సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ ఆదేశాల్ని మధ్యలో విరగ్గొడతాయట. పాట వినబడుతోంది కదా అని కేబుల్ మీద ఎవరికీ అనుమానం రాదు. కొత్త కేబుల్ ఆయన అమ్మలేదు, ఎక్కడైనా కొనుక్కుని ఈ పరీక్ష చేసి చూసుకోమన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. పనిలో పనిగా మాడ్యూల్ వెనక మిడి సాకెట్లు కూడా శుభ్రం చేశారు. మన ఊరి సముద్రపు గాలికి పిన్నుల మీద పచ్చగా పట్టేసింది.

మధ్యలో ఆపి చరణం నుంచి మొదలుపెట్టే అలవాటు మా రిహార్సళ్ళలో ఎక్కువ. అలా దూకినప్పుడు మధ్యలో ఉన్న టోన్ మార్పులు, వాల్యూములు పరికరానికి చేరవు. దూకిన చోటుకి ముందున్న ఆదేశాల్ని వెతికి పంపే ఏర్పాటు మంచి సీక్వెన్సర్ (మిడి ఫైళ్ళని వాయించే, మార్చే) సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. దాన్ని చేజ్ అంటారు. నా ల్యాప్‌టాప్‌లో అది ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసిచ్చారు. కీబోర్డులో పెన్‌డ్రైవ్ పెట్టి వాయించేటప్పుడు మాత్రం మధ్యలోకి దూకొద్దని, మొదటి నుంచే పెట్టుకోమని చెప్పారు.

చివరగా చేతిలో పెట్టింది ఒక చిన్న రీసెట్ ఫైలు. ఇందులో 16 ఛానెళ్ళకీ పెడల్ వదలడం, శబ్దం ఆపడం, 121, ఆ తర్వాత జీఎస్ రీసెట్, ఆపైన కొంచెం ఖాళీ ఉంటాయి. కీబోర్డు కోసం ఇలాంటిదే ఎక్స్‌జీతో ఇంకోటి. ఆయన చేతిలో పడని కొత్త ఫైలు ఏదైనా వాయించాల్సి వస్తే, దాని ముందు ఒకసారి ఇది ప్లే చేస్తే చాలు. పాటల వరసలో పాటకీ పాటకీ మధ్య దీన్ని పెట్టేశాను. చప్పట్లు ఆగేలోపు అయిపోతుంది.

పాటకి 150 రూపాయలు తీసుకున్నారు. రీసెట్ ఫైళ్ళకి, సాకెట్లు శుభ్రం చేసినందుకు ఏమీ తీసుకోలేదు. పాట మొత్తం వినకుండా తిరిగి ఇవ్వరు, అందుకని ఆ డబ్బు ఎక్కువేమీ కాదు. అలా అని ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. మెట్లు ఇరుకు, పెద్ద కీబోర్డుతో ఒంటరిగా ఎక్కడం కష్టం, తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఫోన్ ఎత్తరు. వందల పాటలున్న పెన్‌డ్రైవ్ ఇచ్చి అన్నీ చేసిమ్మంటే ఒప్పుకోరు, కొద్దికొద్దిగానే తీసుకుంటారు. ఏ ఫైలులో ఏం మార్చారో రాసిచ్చే చీటీ అంకెలతో నిండిపోయి ఉంటుంది. కొత్తవాళ్ళకి అర్థం కాదు, పక్కన కూర్చుని అడిగి తెలుగులో రాసుకోవాలి. ఆ చీటీ ఇంకాస్త వివరంగా ఇస్తే ఎంతో బాగుండును. మాస్టారికి ఆ మాట చెప్పాను కూడా.

వెళ్ళేవాళ్ళు స్టేజి మీద వాడే కేబుళ్ళే పట్టుకెళ్ళండి, ఇంట్లో వేరేవి ఉన్నా సరే. పాటల్ని ప్రోగ్రాములో వచ్చే వరసలోనే ఇవ్వండి, ఫైళ్ళ అసలు కాపీ వేరే పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. మాడ్యూల్ జపాన్ నుంచి వచ్చిన 100 వోల్టుల మోడల్ అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా వెంట ఉండాలి, అక్కడ దొరకదు. వినాయక చవితికి కావాలంటే శ్రావణమాసం మొదట్లోనే ఇచ్చేయండి, ఆ తర్వాత ఆ గదిలో కాలు పెట్టే చోటుండదు.